చలి ప్రాక్టీసు

ఆ ఇంట్లో ఉండేది అయిదుగురు. అయిదుగురికీ మాట్లాడటం వచ్చు. వినేవాళ్ళ పోస్టు మాత్రం చాలా ఏళ్ళుగా ఖాళీగా ఉంది.

నాన్న పళ్ళూ కూరగాయలూ నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పగలంతా గోదాము ఫ్యాన్ల హోరులో కేకలేసి కేకలేసి, ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు అడిగినా లారీ వెనక్కి తియ్యమన్నట్టే అడుగుతాడు. అమ్మకి మిక్సీ ఆన్ చేశాకే ముఖ్యమైన విషయాలు గుర్తొస్తాయి. బాబాయి టీవీలో వార్తలు చదివేవాళ్ళకి ఎదురు సమాధానాలు చెప్తుంటాడు. వాళ్ళు తనని పట్టించుకోవడం లేదన్న సంగతి ఇంకా ఆయన దృష్టికి రాలేదు. నానమ్మకి చెవులు మందం. అందుకని ఎదుటివాళ్ళ మాట అయ్యేదాకా ఆగాల్సిన ఖర్మ ఆవిడకి లేదు.

ఇక మిగిలింది పాప. పాపకి ఇరవై రెండేళ్ళు. కాలేజీలో ఆమెకి వేరే పేరుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్ళు రాంగ్ నంబర్ అని పెట్టేస్తారు. పాప మాట మొదలుపెడితే అది సగం దారిలో ఉండగానే ఎవరో ఒకరు ఎక్కి స్టీరింగ్ లాక్కుంటారు. "అమ్మా, రేపు కాలేజీలో..." అని మొదలైన మాట గ్యాస్ బండ దగ్గరో, పక్కింటివాళ్ళ కొత్త గేటు దగ్గరో ఆగుతుంది. పాప కూడా అలవాటుపడిపోయింది. చిన్నప్పటినుంచీ ఆమె వాక్యాల్లో సగం నోట్లోనే పెరిగి పెద్దవై అక్కడే రిటైరయ్యాయి.

అలాంటి పాపకి విదేశంలో పెద్ద చదువుకి సీటొచ్చింది. తోటలో కోసిన పండు తినేవాడి చేతికి చేరేదాకా పాడవకుండా ఎలా కాపాడాలన్నదే ఆ చదువు. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న గోదాముకి వెళ్ళి ఆపిల్ పెట్టెల మధ్య తిరిగిన పిల్లకి అంతకన్నా మంచి చదువు ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు. అప్లికేషన్లు తనే పెట్టుకుంది, పరీక్షలు తనే రాసుకుంది, స్కాలర్‌షిప్ కూడా తనే తెచ్చుకుంది. ఇక మిగిలింది వీసా ఇంటర్వ్యూ ఒక్కటే. అది గట్టెక్కితే ప్రయాణం. ఎక్కకపోతే మళ్ళీ తారీఖు దొరికేలోపు అక్కడ క్లాసులు మొదలైపోతాయి, సీటు ఇంకెవరికో పోతుంది.

సరిగ్గా ఇక్కడే ఇంట్లోవాళ్ళు సాయానికి దిగారు. పాపకి భయం పట్టుకుంది కూడా ఇక్కడే.

విదేశాల విషయంలో ఆ ఇంట్లో చివరి మాట బాబాయిది. పెళ్ళి చేసుకోకుండా అన్నగారింట్లోనే ఉండిపోయిన మనిషి. పూర్వం ఒకసారి ఆఫీసు పని మీద వారం రోజులు విదేశం వెళ్ళొచ్చాడు. వెళ్ళొచ్చి చాలా ఏళ్ళయింది గానీ, ఆయన ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ సబ్బు అరిగిపోతే "అక్కడ రోజుకో కొత్త సబ్బు" అంటాడు. లిఫ్ట్ ఆలస్యమైతే "అక్కడైతేనా" అని మిగతాది మన ఊహకి వదిలేస్తాడు.

"చలి గురించి చెప్తున్నా విను పాపా," అన్నాడు, సీటొచ్చిన రోజు సాయంత్రం. "ఆ వారం రోజులూ నేను దుప్పటి తియ్యలేదు. మంచం మీదినుంచి బాత్రూంకి కూడా దుప్పటితోనే వెళ్ళా. పళ్ళు టకటకలాడుతుంటే ఫోన్లో మీ నాన్నకి నా గొంతు ఆనవాలు పట్టడానికే చాలాసేపు పట్టింది."

"అది వేరే దేశం బాబాయ్. నేను వెళ్ళే ఊళ్ళో..."

"దేశం ఏదైతేనేం, విదేశం విదేశమేగా?"

"అక్కడ ఎండ..."

"ఎండ ఉంటుంది. ఎందుకుండదు? చూడ్డానికి ఉంటుంది. కాల్చదు."

పాప అమ్మ దగ్గరికి వెళ్ళింది. తను వెళ్ళే ఊరు ఎడారికి పక్కనే ఉందనీ, మన ఊరికన్నా అక్కడ వేడి ఎక్కువనీ, స్వెట్టరు అవసరం కూడా లేదనీ చెప్పబోయింది. అమ్మ మిక్సీ ఆపకుండానే తలూపింది.

"వాళ్ళకి ఎండే. అలవాటైన ప్రాణాలు. నీకు అలా కాదు, చిన్నప్పటినుంచీ జలుబు ఒళ్ళు. అత్తయ్యా, ఆ స్వెట్టరు చేతులు కాస్త పొడుగ్గా అల్లండి, పాప చెయ్యి పొడుగు."

"ఏంటీ, పాప పెళ్ళెప్పుడా?" అంది నానమ్మ.

చివరికి నాన్న దగ్గరికి వెళ్ళింది. చలి ఆయన వృత్తి కాబట్టి ఆయనకైనా అర్థమవుతుందనుకుంది. అసలు తప్పు అక్కడే జరిగింది.

"నాన్నా, అక్కడ నలభై దాటుతుందట, ఎండాకాలంలో."

"నలభయ్యా!" నాన్న నవ్వాడు. "చూడమ్మా, పాతికేళ్ళుగా చలితో కాపురం చేస్తున్నవాణ్ణి. నా లెక్కలో ఎండ అంటూ విడిగా ఏదీ లేదు. మెషీను సరిగా పనిచెయ్యని చోట ఉండేదాన్నే జనం ఎండ అంటారు. రిపేరు చేస్తే అదీ చలే అవుతుంది. నువ్వేం భయపడకు. నీకు చలి అలవాటు చేసే పూచీ నాది."

పాపకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ వాయిదా వేసుకుంది.

ఆ మర్నాటినుంచి భోజనాల బల్ల దగ్గర ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. వీసా ఆఫీసరు బాబాయి. అన్నగారి కళ్ళజోడు పెట్టుకుని, అది తనకి సరిపడక కళ్ళు చికిలిస్తూ, ఆ చికిలింపునే అధికారం కింద చలామణీ చేశాడు.

"ఈ చదువే ఎందుకు?" అన్నాడు, ముక్కుతో.

"పళ్ళు ఎందుకు..."

"ఆగాగు. అంత సింపుల్‌గానా? చిన్న జవాబు చెప్తే చేతకాదనుకుంటారు. 'నేటి ప్రపంచీకరణ నేపథ్యంలో' అని మొదలెట్టు. కనీసం రెండు నిమిషాలు లాగాలి."

"ఆ నేపథ్యంలో ఏం చెప్పాలి?"

"ఏదైనా చెప్పు. అప్పటికే వాడు వినడం మానేసి ఉంటాడు."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "మా పాప చాలా బుద్ధిమంతురాలని చెప్పు. ఒకరి జోలికి వెళ్ళదని చెప్పు. స్కూల్లో ముగ్గుల... కాదు, అదీ, చేతిరాత పోటీలో ప్రైజొచ్చిందని చెప్పు."

"వదినా, ఇంటర్వ్యూ పాపది."

"నేను కాదన్నానా? అది చెప్పలేదని నేను చెప్తున్నా."

"చదువయ్యాక తిరిగొస్తారా?" అన్నాడు బాబాయి, కళ్ళజోడు పైకి తోసి.

"రాకుండా ఎక్కడికి పోతుంది?" అన్నాడు నాన్న వరండాలోంచి, వీధి మొత్తానికి హామీ ఇస్తూ.

మొత్తం మీద ఆ ఇంటర్వ్యూలన్నింటిలోనూ కుటుంబం బాగా రాణించింది. అమ్మ జవాబులు మెరుగయ్యాయి. నాన్న ఉచ్చారణ కాస్త దారికొచ్చింది. నానమ్మ కూడా ఒకసారి "అవును సార్" అంది. పాపకే అవకాశం రాలేదు.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు నాన్న గోదామునుంచి ఒక కోటు తెచ్చాడు. బయట షాపుల్లో దొరికే రకం కాదు. చలి గదుల్లో పనిచేసేవాళ్ళు తొడుక్కునే నారింజ రంగు కోటు. లోపల దూది పరుపంత మందం, వీపు మీద పెద్ద అంకె, జేబుల్లో ఎప్పటిదో ఉల్లిపాయ వాసన. పాప తొడుక్కుంటే చేతులు కనపడలేదు. అద్దంలో చూసుకుంటే ట్రాఫిక్ ఆపడానికి నిలబెట్టిన డ్రమ్ములా ఉంది.

"అదిరింది," అన్నాడు నాన్న. "పద. గోదాముకి ఇవాళ సెలవు. నీకు చలి ప్రాక్టీసు."

"నాన్నా, ఒక్క మాట. నేను వెళ్ళే చోట..."

నాన్న జిప్పు పైకి లాగుతున్నాడు. అది మధ్యలో ఇరుక్కుంటే వంగి, జాగ్రత్తగా విడదీసి, మళ్ళీ గడ్డం దాకా లాగాడు. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు కూడా అలాగే లాగేవాడు.

"నీ కాగితాల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు కాబట్టి ఎదురింటివాళ్ళు కూడా విన్నారు. "సీటు నువ్వే తెచ్చుకున్నావు, స్కాలర్‌షిప్ నువ్వే తెచ్చుకున్నావు. తండ్రిగా నేను చేసిందేంటి? ఫోటోలు దిగడానికి నిన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళా. అంతేగా? పోనీలే, ఒక్కటి మాత్రం దేవుడు నాకు వదిలిపెట్టాడు. చలి. దీంట్లో నన్ను కొట్టేవాడు లేడు."

పాప నోట్లో ఉన్న ఎండ నోట్లోనే ఉండిపోయింది. ఆ ముఖం చూశాక ఆ దేశంలో చలి లేదని చెప్పడం, అన్నం వడ్డించాక ఆకలి లేదన్నట్టు ఉంటుందనిపించింది. "పద నాన్నా," అంది.

ఆ ఇంట్లో సాయం అంటే ఒకరు చేసేది కాదు. అందరూ బయల్దేరారు. అమ్మ ఫ్లాస్కు పట్టుకుంది. బాబాయి నాన్న కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు. నానమ్మ ఇంట్లో ఉండనంటే ఉండనని సగం అల్లిన స్వెట్టరూ, సూదులూ సంచిలో వేసుకుని అందరికన్నా ముందు బాబాయి కారెక్కి కూర్చుంది.

గోదాము తలుపు మనిషికన్నా రెండింతలు ఎత్తు. దాని వెనక ప్లాస్టిక్ తెరలు. వాటిని పక్కకి తప్పించి లోపలికి అడుగుపెడుతూ నాన్న ఒక్కసారిగా రెండంగుళాలు పొడుగయ్యాడు. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఆయన చేతికి రాదు. ఇక్కడ మాత్రం గోడమీది అంకె ఆయన వేలు కదిలితే కదులుతుంది.

"ఇది ఆపిల్ గది. సున్నాకి కాస్త పైన. మొదటి క్లాసు ఇక్కడ. తట్టుకున్నావంటే తర్వాత బఠాణీ గదికి ప్రమోషన్. అది మైనస్."

చుట్టూ కప్పు దాకా పెట్టెలు. గదంతా పుల్లపుల్లగా, తియ్యతియ్యగా వాసన. పాప కళ్ళు మూసుకుని ఒకసారి గట్టిగా పీల్చింది. చిన్నప్పుడు ఈ వాసన నాన్న చొక్కాకి ఉండేది. ఎన్ని నెలలైనా ఈ పళ్ళు ఇలా ఎలా ఉంటాయని అడిగితే నాన్న "నిద్రపోతున్నాయమ్మా, చలి పెట్టి జోకొట్టాం" అనేవాడు. ఎందుకు నిద్రపోతాయి, ఎందుకు కొన్ని నిద్రలేచి కుళ్ళిపోతాయి అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ జవాబు కోసమే ఇంత దూరం వెళ్తోంది తను. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరూ అడగలేదు.

ఒక ఖాళీ పెట్టె బోర్లించి పాపని కూర్చోబెట్టారు. అమ్మ ఫ్లాస్కు మూత తీసింది. నానమ్మ కుర్చీ వేయించుకుని, రెండు శాలువాలు కప్పుకుని, చుట్టూ చూసి తృప్తిగా నిట్టూర్చింది.

"ఒరేయ్ పెద్దోడా, ఇన్నేళ్ళూ ఎండలకి నేను ఇంట్లో ఉడికిపోతుంటే, ఇంత హాయైన చోటు పెట్టుకుని ఆపిల్స్‌ని పడుకోబెడతావట్రా?"

అప్పుడు బాబాయికి ఆ ఆలోచన వచ్చింది. బాబాయికి ఆలోచనలు తక్కువగా వస్తాయి. వచ్చినవి మాత్రం మిగతావాళ్ళని ఊరికే వదలవు.

"అన్నయ్యా, చలికి చలి ప్రాక్టీసు, ఇంటర్వ్యూకి ఇంటర్వ్యూ ప్రాక్టీసు, రెండూ ఒకేసారి అయిపోతే టైం కలిసొస్తుందిగా? ఇంత చలిలో జవాబు తడబడలేదంటే ఇంక ఎక్కడా తడబడదు."

ఇంట్లో అందరికీ ఇది బ్రహ్మాండంగా నచ్చింది. పైన ఫ్యాన్లు హోరున తిరుగుతున్నాయి. బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఊపిరి తగిలి దానిమీద వెంటనే మంచులా ఆవిరి పట్టింది. గుడ్డివాడి అధికారంతో గర్జించాడు.

"ఈ చదువే ఎందుకూ?"

"నేటి ప్రపంచీకరణ నేపథ్యంలో..."

"వినపడట్లా!"

"నేటి ప్రపంచీకరణ..."

"గట్టిగా పాపా, గట్టిగా!" అమ్మ ప్రోత్సహించింది. "భయపడకు. పొట్టలోంచి లాగు!"

పాప పొట్టలోంచి లాగింది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోంచి, చివరికి ప్రాణంలోంచి లాగింది. గంటసేపు ఆపిల్స్ ప్రపంచీకరణ నేపథ్యాన్ని విన్నాయి. పాప జన్మలో అంతసేపు ఏకధాటిగా మాట్లాడింది లేదు. బఠాణీ గదికి ప్రమోషన్ కూడా వచ్చింది. అక్కడ రెండో ప్రశ్నకి జవాబు చెప్తుండగా గొంతులో ఏదో 'టప్' మన్నట్టయింది. పాప ఒకసారి మింగి చూసుకుంది. ఫస్ట్ క్లాసులో పాసైందని నాన్న ప్రకటించాడు.

మర్నాడు పొద్దున పాప లేచి "అమ్మా" అనబోయింది. గాలి వచ్చింది. అమ్మ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పాత సైకిల్ పంపు కొట్టినట్టు చిన్న చప్పుడైంది, అంతే. మర్నాడే ఇంటర్వ్యూ.

వంటింట్లోకి పరిగెత్తి అమ్మ ఎదురుగా నోరు ఆడించింది.

"టిఫిన్ అయిదు నిమిషాల్లో," అంది అమ్మ.

నాన్న దగ్గరికి వెళ్ళి గొంతు పట్టుకుని చూపించింది. "కోటు మెడ బిగుతైందా? జిప్పు మారుస్తాలే," అని ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. బాబాయి టీవీ ముందునుంచి తల తిప్పకుండా "కరెక్ట్ పాపా, అదే నేనూ అంటున్నా" అన్నాడు. టిఫిన్ అయింది, స్నానాలయ్యాయి, మధ్యాహ్నం భోజనాలూ అయ్యాయి. పొద్దుట్నుంచీ పాప నోట్లోంచి ఒక్క మాట రాలేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. రోజూ ఉండే రద్దీలో ఒక్క బండి తగ్గితే ఎవరు గమనిస్తారు?

కనిపెట్టింది నానమ్మ. చెవులు పనిచెయ్యని మనిషి కాబట్టి ఆవిడ ఎప్పుడూ ఎదుటివాళ్ళ ముఖం చూస్తుంది. భోజనమయ్యాక స్వెట్టరు అల్లుతూ పాప ముఖం వంక చాలాసేపు చూసి, సూదులు ఒళ్ళో పెట్టింది.

"పాప మాట్లాడుతుంటే వినపడట్లేదేమే?"

"మీకు ఎప్పుడు వినపడింది గనక అత్తయ్యా," అంది అమ్మ, గిన్నెలు సర్దుతూ.

"నాకు వినపడదు, సరే. నీకు వినపడుతోందా?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. పాప వైపు తిరిగింది. "ఏదీ, ఏదైనా అను."

పాప అంది. గాలి వచ్చింది.

ఆ తర్వాత గంటా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, ఆవిరి పట్టమంది, తేనె నాకమంది, ఈ మూడూ ఒకేసారి చెయ్యమంది. నాన్న డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. పాప మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, "నేనే చేశా, నేనే చేశా" అని గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరిగాడు. డాక్టరు చూసి, ప్రమాదమేం లేదనీ, గొంతు అలిసిపోయిందనీ, నాలుగైదు రోజులు మాట్లాడించొద్దనీ చెప్పాడు. ఇంతకీ ఏం జరిగిందని అడిగాడు. ఆ ప్రశ్నకి మాత్రం కుటుంబంలో మొదటిసారి ఎవరూ ముందుకు రాలేదు.

"నేను వెనక నిలబడి జవాబులు చెప్తా," అన్నాడు బాబాయి, ఇంటికొచ్చాక. "పాప పెదాలు ఆడిస్తే చాలు."

"నీ గొంతుతోనా?" అంది అమ్మ.

"సన్నగా మాట్లాడతాలే వదినా."

"ఒరేయ్, నువ్వు కాసేపు నోరు మూసుకో," అన్నాడు నాన్న. ఆయన ఇంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదలు. పాపకి అది చూస్తే తన గొంతు పోయినదానికన్నా ఎక్కువ భయమేసింది.

మర్నాడు వీసా ఆఫీసుకి బాబాయి కారులో అందరూ వెళ్ళారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఒక్కరే లోపలికన్నాడు. అమ్మ అతనికి పాప గురించి రెండు నిమిషాల జవాబు చెప్పింది. అతను ఒక్కరే అన్నాడు. నాన్న పాప తల నిమిరి గేటు కడ్డీలు పట్టుకుని నిలబడిపోయాడు.

లోపల అద్దం వెనక ఆఫీసరు ఒక పెద్దావిడ. కళ్ళజోడు ఆవిడ సొంతదే, సరిపోయింది కూడా. పాప కౌంటరు దగ్గరికి నడిచింది. ప్రపంచీకరణ నేపథ్యం మొత్తం నోటికి వచ్చు. కానీ నేపథ్యానికి గొంతు కావాలి. ఉన్న గాలికి నాలుగు మాటలకి మించి రావు. ఏ నాలుగు మాటలు?

"ఈ చదువు ఎందుకు?" మైకులో ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

పాప గుసగుసగా జవాబు చెప్పింది. ఆవిడకి వినపడలేదు. ఈ మాట కూడా ఎవరో లాక్కుపోతారని పాప అలవాటు కొద్దీ ఎదురు చూసింది. ఎవరూ లాక్కోలేదు. ఆవిడ రాయడం ఆపి, కలం కింద పెట్టి, అద్దం కింద కాగితాలు అందించే సందు దాకా వంగి, చెవి పెట్టింది.

"మళ్ళీ చెప్పమ్మా. తొందరేం లేదు."

తొందరేం లేదు. ఈ మాట పాపతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో!

"పళ్ళు ఎందుకు కుళ్ళిపోతాయో తెలుసుకోవాలని," అంది పాప. వాక్యం మొదటినుంచి చివరిదాకా ఒక్క ముక్కగా బయటికొచ్చింది. అది చూసి పాపకే ఆశ్చర్యమేసింది.

"ఎందుకంత పట్టుదల?"

"చిన్నప్పుడు నాన్నని అడిగా. ఆయనకి తెలీదు."

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు అనడానికి గాలి సరిపోదు. పాప ఆలోచించి అంది. "చలి పెట్టి పళ్ళని నిద్రపుచ్చుతారు."

ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. "మరి నీ గొంతుకేమైంది?"

"ప్రాక్టీసు."

"దేనికి?"

"మీ దేశంలో చలికి."

ఆవిడ పాప కాగితాలు మళ్ళీ చూసింది. ఊరి పేరు దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసింది. పక్క కౌంటరు ఆయన్ని పిలిచి ఆ విషయం చెప్పింది. ఇద్దరూ నవ్వడం అద్దంలోంచి కనపడింది గానీ వినపడలేదు. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ సందు దగ్గరికి వంగింది.

"అమ్మాయ్, ఆ ఊళ్ళో కోటేసుకుని వీధిలోకి వెళ్తే పోలీసులు ఆపి ఒంట్లో బాగుందా అని అడుగుతారు. నీకు తెలుసా?"

"తెలుసు. ఇంట్లో చెప్పడానికి వీలవ్వలేదు."

"ఇప్పుడు వెళ్ళి చెప్పు," అంది ఆవిడ, పాస్‌పోర్ట్ తన వైపు ఉంచుకుంటూ. "వీసా వచ్చినట్టే. ఆల్ ది బెస్ట్."

బయట గేటు దగ్గర నలుగురూ ఒకేసారి మీద పడ్డారు. ఏమన్నారు, ఏం చెప్పావు, చేతిరాత ప్రైజు చెప్పావా, ప్రపంచీకరణ దాకా వెళ్ళారా. పాప పెదాలు కదిలాయి. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ కదిలాయి. అప్పుడు నాన్న, జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. వేలు పెదాల మీద పెట్టుకుని "ష్!" అన్నాడు. అమ్మ ఆగింది. బాబాయి ఆగాడు. నానమ్మకి వినపడకపోయినా అందరూ ఆగారు కాబట్టి తనూ ఆగింది. అయిదుగురూ ఆ ఫుట్‌పాత్ మీద బుర్రలు దగ్గరకి చేర్చి నిలబడ్డారు. పక్కనుంచి పోయేవాళ్ళు ఏదో పడిపోయిందేమోనని నేల వంక చూసుకుంటూ వెళ్ళారు.

"వచ్చింది," అంది పాప.

ఆ తర్వాత వీధిలో ఎంత గోల జరిగిందో చెప్పనవసరం లేదు. సెక్యూరిటీ మనిషి వచ్చి పక్కకి పంపించాడు. గొంతు ఎందుకు పోయిందో విని ఆఫీసరమ్మ నవ్విందని మాత్రం పాప దారిలో చెప్పింది.

సాయంత్రం ఇంట్లో పాప అందరినీ కూర్చోమని సైగ చేసింది. టీవీ తనే వెళ్ళి ఆపింది. మిక్సీ ప్లగ్గు పీకేసింది. ఏం చెప్తుందోనని నలుగురూ సోఫా అంచున వంగి కూర్చున్నారు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటంతో, గోడ గడియారం చప్పుడు చేస్తుందని మొదటిసారి అందరికీ తెలిసింది.

పాప నాన్న వైపు చూసింది. నోట్లో మాట బరువుగా ఉంది. అయినా గుసగుసగానే చెప్పింది.

"నేను వెళ్ళే ఊళ్ళో చలి ఉండదు నాన్నా. ఎడారి పక్కన. మన ఊరికన్నా ఎండ. సీటొచ్చినప్పట్నుంచీ చెప్తున్నా."

నానమ్మ పాప పెదాల్లోంచి ఆ మాట చదువుకుని, ముంజేతి దాకా వచ్చిన స్వెట్టరు చెయ్యి వంక చూసి, నెమ్మదిగా సూదులు బయటికి లాగింది. "పోన్లే, నాకవుతుంది. మీ నాన్న గోదాములో వేసుకుంటా," అంది. అమ్మ తప్పు చేసినదానిలా బాబాయి వంక చూసింది. అందరూ బాబాయి వంక చూశారు.

"మరి నువ్వు వారం రోజులూ దుప్పటి తియ్యలేదన్నావుగా?" అన్నాడు నాన్న.

బాబాయి మెడ గోక్కున్నాడు. ఇంత నిశ్శబ్దంలో అబద్ధమాడటం ఆయనకి అలవాటు లేదు. "హోటల్ గదిలో ఏసీ," అన్నాడు. "దాన్ని ఎలా తగ్గించాలో తెలియలేదు. అడగడానికి మొహమాటమేసింది."

"బయట ఎలా ఉంది మరి?"

"బయట... ఉక్కగానే ఉన్నట్టుంది."

మామూలు రోజైతే ఆ మాటకి ఇల్లెగిరిపోయేది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. నాన్న కుర్చీ పక్కన వేలాడుతున్న నారింజ కోటు వంక చూస్తున్నాడు. "అయితే ఇది అక్కర్లేదన్నమాట," అన్నాడు. మామూలు మనిషి మాట్లాడేంత చిన్నగా. "నేను ఇవ్వగలిగింది ఇదొక్కటీ కూడా అక్కడ పనికి రాదు."

పాప వెళ్ళి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టింది. మిగతా ముగ్గురూ కుర్చీలతో సహా జరిగారు.

"అక్కడ తోటలు చాలా ఉన్నాయి నాన్నా. ఎండకి కోసిన పళ్ళు కోసినట్టే పాడైపోతాయట. అందుకే ఆ కాలేజీ అక్కడ పెట్టారు. లోపలంతా చలి గదులే. నేను రోజంతా ఉండేది వాటిల్లోనే."

నాన్న తల ఎత్తాడు.

"ఎంత చలి?"

"పండుని బట్టి."

"మామిడి కూడానా?"

పాప తలూపింది.

"మామిడికి చలి ఎక్కువైతే తొక్క నల్లబడుతుంది, జాగ్రత్త," అన్నాడు నాన్న, కుర్చీలోంచి ముందుకి వంగి. గొంతు ఒక మెట్టు పైకి లేచింది. "ఆపిల్‌ని పెట్టినట్టు పెట్టకూడదు. అరటి కూడా అంతే, మొండి ఘటం. తలుపు ఊరికే ఊరికే తియ్యనివ్వకు. ఏంటీ, వాళ్ళకి ఫ్యాన్లు పైనా, పక్కనా? ఆ కోటు పెట్టెలో పెట్టవే! ఎండ ఊరైతే మాత్రం ఏం, మా పాప పనిచేసేది చలిలో! నేను ముందే చెప్పలా, మెషీను పనిచెయ్యని చోట ఉండేదే ఎండ అని!"

"మీరు చెప్పింది అది కాదండీ," అంది అమ్మ, మిక్సీ ప్లగ్గు వెతుక్కుంటూ.

"అదే చెప్పా! అసలు ఆ రోజు పాపని చలి గదిలో కూర్చోబెట్టింది ఎవరు? గొంతు పోకపోతే ఆవిడ నవ్వేదా? నవ్వకపోతే వీసా ఇచ్చేదా?"

"ఆలోచన నాది అన్నయ్యా," అన్నాడు బాబాయి, టీవీ ఆన్ చేస్తూ. "ఇంటర్వ్యూ కూడా అక్కడే పెడదామన్నది నేను."

ఎవరికి వాళ్ళు వీసా తమ వల్లే వచ్చిందని రుజువు చేసే పనిలో పడ్డారు. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది.

పాప గొంతు మూడో రోజు పొద్దున బాత్రూంలో తిరిగొచ్చింది. తలుపు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ "నేటి ప్రపంచీకరణ నేపథ్యంలో" అని చూసుకుంది. గంటలా మోగింది. సంతోషంగా బయటికొచ్చి అందరికీ చెబుదామని నోరు తెరిచింది.

హాల్లో నాన్న ఫోన్లో ఎవరికో చలి గురించి చెప్తున్నాడు. పాప నోరు తెరవగానే ఫోన్ చేత్తో మూసి, "ఒక్క నిమిషం, పాప ఏదో అంటోంది" అన్నాడు. వంటింట్లో మిక్సీ ఆగింది. బాబాయి టీవీ సౌండు తగ్గించాడు. ముగ్గురూ మెడలు చాచి, చెవులు రిక్కించి, పాప వంక చూశారు.

పాప ఒక్క క్షణం ఆలోచించింది. గుటక మింగింది. చెయ్యి గొంతు మీద వేసుకుంది.

"కాఫీ," అంది, గుసగుసగా.

"కాఫీ అట! కాఫీ!" అని ముగ్గురూ వంటింటి వైపు పరిగెత్తారు.

కిటికీ పక్కన కూర్చుని కొత్తగా ఇంకేదో అల్లుతున్న నానమ్మ సూదులు ఆపింది. ఆవిడ ఎప్పుడూ ముఖం చూస్తుంది కదా. పాప ముఖం వంక కాసేపు చూసి, పెదాల కొసన నవ్వు ఆపుకుంటూ, మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

"నాకేం వినపడలేదమ్మా," అంది. "నువ్వు విమానం ఎక్కేదాకా ఏమీ వినపడదు."